నోట్‌బుక్ మూశాక చెప్పిన మాట

మొన్న అక్టోబరులో మా కౌంటీ ఆరోగ్య శాఖవాళ్లు ఒక చర్చి సెల్లార్‌లో ఫ్లూ టీకాలు వేస్తుంటే, వచ్చినవాళ్ల వివరాలు రాసుకునే పని మీద నేనూ వెళ్లాను. మెట్లు దిగుతుండగానే వాసన తగిలింది. పొద్దున్నుంచీ పెద్ద స్టీలు పాత్రలో మరిగి మరిగి చేదెక్కిన కాఫీ, దానికి తోడు నేలకు కొత్తగా పట్టించిన మైనం. కాలేజీలో నాకు సోషియాలజీ చెప్పిన డాక్టర్ లిండ్ గది అచ్చం ఇలాగే వాసన వేసేది. నేను మెట్టు మీద అలాగే నిలబడిపోతే వెనకాల వస్తున్న నర్సు చేతిలో పెట్టె పట్టుకుని పాపం చాలాసేపు ఆగింది. ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలు అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకోవడం నా ఉద్యోగం. ఆ పని ఎలా చేయాలో నేర్పింది ఆవిడ. ఎలా చేయకూడదో మాత్రం నేను సొంతంగా నేర్చుకున్నాను. ఆవిడ గురించి రాయాలంటే ఆ రెండో సంగతి దాచడానికి వీల్లేదు.

నేపర్‌విల్ వచ్చేనాటికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు. మా ఆయన ప్రసాద్ పొద్దున్నే రైలెక్కి షికాగోలో ఆఫీసుకు వెళ్లిపోయేవారు. నాది భార్యగా వచ్చే వీసా, దాని మీద ఉద్యోగం చేయకూడదు, చదువుకోవచ్చు. విజయవాడలో బీకాం చదివి ఒక ఆడిటర్ దగ్గర నాలుగేళ్లు పనిచేసినదాన్ని, ఇక్కడ రోజుకి రెండుసార్లు డిష్‌వాషర్ సర్దుకుంటూ, గోడలతో మాట్లాడే స్థితికి వచ్చాను. అప్పటికి డ్రైవింగ్ రాదు. మా అపార్ట్‌మెంట్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్నది ఒకే ఒక్క కాలేజీ, అదొక చిన్న క్రిస్టియన్ కాలేజీ. మా అమ్మాయి కిండర్‌గార్టెన్‌లో ఉండే వేళకు సరిపోయిన క్లాసు సోషియాలజీ ఒక్కటే. సోషియాలజీ అంటే సంఘసేవ నేర్పుతారనుకుని చేరాను. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. మా అత్తగారు ఫోన్ చేసి, అక్కడ బైబిలు చదివిస్తారటగా, జాగ్రత్తమ్మా అన్నారు. ఆవిడ భయం ఆవిడది. నా భయం నా ఇంగ్లీషు గురించి.

ఆ కాలేజీలో వారానికి రెండుసార్లు చాపెల్‌కి, అంటే కాలేజీ ప్రార్థన మందిరానికి, వెళ్లడం తప్పనిసరి. నేను హిందువుని, నాకు మినహాయింపు ఇప్పించండి అని అడగడానికే మొదటిసారి డాక్టర్ లిండ్ గదికి వెళ్లాను. అరవై దాటిన మనిషి, పొడుగాటి పావడా మీద బూడిదరంగు స్వెట్టరు, కాళ్లకు పరుగెత్తేవాళ్లు వేసుకునే బూట్లు. ఇంగ్లీషులో నువ్వు, మీరు అన్న తేడా లేదు గానీ, ఆవిడ మాట నా చెవికి ఎప్పుడూ 'మీరు'గానే వినిపించేది. అంతా విని, మినహాయింపు కాగితం సంతకం పెట్టి నా చేతికిచ్చి, "ఇది మీ దగ్గర ఉంచుకోండి. ఒక్క నెల మాత్రం ప్రార్థన చేయడానికి కాకుండా చూడడానికి వెళ్లండి. ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో రాసుకురండి" అన్నారు. ఇదేదో మెలిక అని ఇంటికెళ్లి ప్రసాద్‌తో అన్నాను. మెలికే, కాదనను. ఆ కాగితం ఇప్పటికీ నా ఫైల్లో ఉంది, వాడలేదు.

ఆవిడ పద్ధతి ఒకటే. నోట్‌బుక్‌లో ఎడమ పేజీ కంటితో చూసింది, చెవితో విన్నది రాయడానికి. కుడి పేజీ మనకేమనిపించిందో రాయడానికి. మొదటి వారం నా ఎడమ పేజీలో ఒకే వాక్యం ఉంది, 'అందరూ భక్తిగా ఉన్నారు' అని. ఆవిడ దాని చుట్టూ పెన్సిలుతో గీత గీసి, భక్తి మీకు ఎక్కడ కనిపించింది, చేతుల్లోనా, మెడలోనా అని అడిగారు. మళ్లీ వెళ్లి చూశాను. వెనక వరసలో పిల్లలు కెమిస్ట్రీ లెక్కలు చేసుకుంటున్నారు. పక్కన నడవాను ఆనుకుని కూర్చునేవాళ్లు పాట అయిపోగానే పరుగున వెళ్లి కెఫెటేరియాలో ఆప్రాన్లు కట్టుకుంటున్నారు, అది వాళ్ల ఉద్యోగం. మొదటి వరసలో డాక్టర్ లిండ్ కళ్లు మూసుకుని, శ్రుతితో ఏ సంబంధమూ లేకుండా, గొంతెత్తి పాడుతున్నారు. అది కూడా రాశాను. అది చదివి ఆవిడ చాలాసేపు నవ్వి, ఇది ఎడమ పేజీయే, ఇందులో అభిప్రాయం ఏమీ లేదు అన్నారు. ప్రతి క్లాసు ముందూ ఆవిడ ఒక ప్రార్థన చేసేవారు, ఒక్క వాక్యమే. చూడకుండానే తెలిసిపోయిందనుకునే తెలివి నుంచి మమ్మల్ని కాపాడు ప్రభువా అని. నేను నమ్మని దేవుడికి చేసిన ప్రార్థనే అయినా ఆ ఒక్కదానికీ నేను లోపల తలూపేదాన్ని.

రెండో ఏడాది ఒకరోజు పాఠంలో కులం వచ్చింది. క్లాసులో ఇరవై తలలు ఒక్కసారిగా నా వైపు తిరిగాయి. నేను ధీమాగా, అవన్నీ పాతకాలం సంగతులు, అమెరికాలో మా మధ్య అసలు ఆ ప్రస్తావనే రాదు అని చెప్పాను. డాక్టర్ లిండ్ అందరి ముందూ ఏమీ అనలేదు. క్లాసయ్యాక నేను పుస్తకాలు సర్దుకుంటుంటే పక్కకొచ్చి, నెలనెలా మీరంతా కలిసి భోంచేస్తారని చెప్పారు కదా, వాళ్లలో ఎవరి కులం మీకు తెలియదు అని అడిగారు. ఎవరిదీ తెలియదని చెప్పబోయి ఆగిపోయాను. పదకొండు కుటుంబాలు. ఎవరూ ఎప్పుడూ నోరు తెరిచి చెప్పలేదు. అయినా ఇంటిపేరు, ఊరు, వంట, పెళ్లి ఫోటోలు, ఇవన్నీ కలిపి నేను తేల్చేసుకున్నాను, నేనే కాదు అందరమూ. "ఒక్కరిది తప్ప అందరిదీ తెలుసు" అన్నాను. ఆ ఒక్కరు సునీత అక్క. ఆమె గురించి కూడా ఒక ఊహ ఉంది నాకు, కాకపోతే గట్టిగా తెలియదు. డాక్టర్ లిండ్ అలా అయితే మీ ఆఖరి ఏడాది వ్యాసం దొరికినట్టే అన్నారు.

మా పాట్‌లక్ గురించి కాస్త చెప్పాలి. నెలకొక ఇంట్లో, ఎవరి వంట వాళ్లు పట్టుకొస్తారు. ఎవరేం తేవాలో చెప్పుకోం. అది దానంతటదే స్థిరపడిపోయింది. పులిహోర విజయ గారిది. గుత్తి వంకాయ నాది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర సునీత అక్కది. ఆ కూర పేరు, ఆమె పేరు ఇక్కడ మార్చి రాస్తున్నాను, ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది. ఇండియన్ స్టోర్‌లో దొరికే ఫ్రోజెన్ పనసకాయ ముక్కల్ని మిక్సీలో కొంచెం కొంచెంగా తిప్పి, నీళ్లు పిండేసి, ఆవ పెట్టి, పెళ్లిభోజనంలో వడ్డించేటంత రుచిగా చేసేది. ఆ కూర చూసే ఆమె ఎలాంటి ఇంటి నుంచి వచ్చి ఉంటుందో మేమంతా అనేసుకున్నాం. మాలో ఒకరి పేరైనా మరిచిపోతామేమో గానీ, ఎవరేం తెస్తారో మరిచిపోం.

వ్యాసం కోసం నేను ఆడవాళ్లందరితో ఒక్కొక్కరింటికీ వెళ్లి మాట్లాడాను. చెప్పింది రాసుకోవచ్చని అంతా సంతోషంగా సంతకాలు పెట్టారు. సునీత అక్కతో గంటసేపు మాట్లాడి, ధన్యవాదాలు చెప్పి, నోట్‌బుక్ మూసి సంచిలో పెట్టేశాను. ఆమె టీ పెట్టడానికి లేచింది. గిన్నెలో పాలు పోస్తూ, మీ కాలేజీలో పాటలు పాడతారా అని అడిగింది. పాడతారన్నాను. తనలో తనే ఏదో పాట అందుకుని, ఆపేసి చెప్పింది. "మేం చర్చికెళ్తాం వసూ. సండే ఆయనకి గోల్ఫ్ అని చెప్తాం కదా, అదేం లేదు. గంట డ్రైవ్ చేసి మనవాళ్లెవరూ ఉండని ఊళ్లో చర్చికెళ్లొస్తాం. చర్చి అంటే మనవాళ్లకి దేవుడు ఒక్కడే గుర్తు రాడు, మేమెవరమో కూడా గుర్తొస్తుంది." ఆ కూర కూడా పుట్టింట్లో ఎప్పుడూ వండింది కాదట. పెళ్లయ్యాక వీడియోలు చూసి నేర్చుకుందట. అది పట్టుకెళ్తే ఇంకెవరూ ఏమీ అడగరు అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఇంటికొచ్చిన పది నిమిషాల్లో నోట్‌బుక్ తెరిచి ఒక్క మాట పొల్లుపోకుండా ఎడమ పేజీ నిండా రాశాను. కుడి పేజీలో 'ఆమె భయపడి దాచుకుంది' అని రాశాను. ఆ రెండు పనులకూ మధ్య నా మనసు ఒక్క క్షణం కూడా అడ్డుపడలేదు.

వ్యాసంలో ఆమె పేరు మార్చాను, ఊరు మార్చాను, భర్త ఉద్యోగం మార్చాను. కూర మార్చలేదు. ఎలా మారుస్తాను, వ్యాసంలో అంతకంటే గొప్ప సంగతి ఇంకోటి లేదు. డాక్టర్ లిండ్ మూడుసార్లు చదివారు. ఆ పేరా పక్కన, ఇది మీ వ్యాసానికి గుండెకాయ అని రాశారు. ఈమె ఒప్పుకుని సంతకం పెట్టిందా, గుర్తుపట్టే వివరాలన్నీ మార్చారా అని అడిగారు. పెట్టింది, మార్చాను అని చెప్పాను. ఏప్రిల్‌లో ఆఖరి ఏడాది విద్యార్థుల వ్యాసాలు పెద్ద పోస్టర్లుగా లైబ్రరీ వరండాలో పెట్టారు. సరిగ్గా ఆ వారంలోనే విజయ గారు వాళ్ల అమ్మాయికి కాలేజీ చూపించడానికి వచ్చారు. గోడ మీద నా పేరు చూసి మురిసిపోయి, పోస్టర్‌ని ఫోటో తీసి, మా వాట్సాప్ గ్రూపులో పెట్టారు. మన వసు ప్రాజెక్ట్ కాలేజీలో డిస్‌ప్లే చేశారు, మన పాట్‌లక్ గురించే, అందరూ కంగ్రాట్స్ చెప్పండి అని. ఆవిడ అది చదివి పెట్టలేదు. ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను. చప్పట్లు, పువ్వులు వరసగా వచ్చాయి. తర్వాత ఎవరో జూమ్ చేసి చదివినట్టున్నారు. మెసేజ్‌లు ఆగిపోయాయి. మధ్యాహ్నం మూడింటికి సునీత గ్రూపు వదిలి వెళ్లారు అని ఒక లైను వచ్చింది.

నేను ఇంట్లో వేసుకునే చెప్పులతోనే కాలేజీకి పరుగెత్తాను. డాక్టర్ లిండ్ సంగతి విని, ముందు లైబ్రరీకి వెళ్లి, పోస్టర్‌ని తన చేతులతో విప్పి, చుట్ట చుట్టి, పిన్నులు గుప్పిట్లో పట్టుకుని వెనక్కి వచ్చారు. అప్పుడు అడిగారు, ఆమె ఈ మాట మీకు ఎప్పుడు చెప్పింది అని. నోట్‌బుక్ మూశాక అన్నాను. ఆవిడ కుర్చీలో కూలబడ్డారు. తిడతారనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. "సంతకం ఉందా అని అడిగాను. ఎప్పుడు చెప్పింది అని నేను అడగలేదు. పదండి, ఇద్దరం వెళ్దాం" అన్నారు.

సునీత అక్క తలుపు తీసి, ఆవిణ్ణి చూసి, మర్యాదగా లోపలికి రమ్మంది. డాక్టర్ లిండ్ కూర్చోలేదు. తాను ఆ వ్యాసం మూడుసార్లు చదివి ఒప్పుకున్నానని, జరిగినదానికి మొదటి బాధ్యత తనదని, క్షమించమని అడిగే హక్కు కూడా తనకు లేదని, ఇప్పుడు మీకు ఏం చేస్తే మంచిదో అడగడానికే వచ్చానని చెప్పారు. సునీత అక్క ఇంగ్లీషులో ఏమీ వద్దంది. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో అంది. "కూర సంగతి ఆవిడకేం తెలుసు వసూ. నీకు తెలుసు. నువ్వు బుక్ మూసేశావనే కదా నేను చెప్పింది." కారులో డాక్టర్ లిండ్ ఆమె ఏమందని అడిగారు. దాచకుండా చెప్పాను. అది ఎడమ పేజీలో రాసుకోండి అన్నారు. ఇంటి దగ్గర దింపుతూ, ఆమె కోసం రోజూ ప్రార్థిస్తాను, కానీ నా మనసు తేలికపడడానికి ఆ ప్రార్థనని వాడుకోకుండా చూసుకోవాలి అన్నారు. అంత నిక్కచ్చిగా తనని తాను పట్టుకున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

మా వాళ్లు ఎవరూ సునీత అక్కని ఒక్క మాట అనలేదు. తర్వాతి నెల పాట్‌లక్‌కి విజయ గారే ఫోన్ చేసి పిలిచారు, మామూలుగా. ఆమె వచ్చింది, మామూలుగా ఆ కూరే తెచ్చింది. ఆమె ధైర్యం అది. టేబుల్ మీద అన్ని గిన్నెలూ ఖాళీ అయ్యాయి, అదొక్కటీ నిండుగా ఉంది. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను. విజయ గారు చివర్లో వచ్చి ఒక గరిటె వేసుకున్నారు. మిగిలినవాళ్లకి పొట్ట నిండిపోయిందట. ఎవరూ చెడ్డవాళ్లు కారు, ఇదే నాకు అన్నిటికంటే కష్టంగా తోచింది. మా అమ్మాయికి జ్వరం వస్తే పరుగెత్తుకొచ్చింది వాళ్లే. సునీత అక్క మూత పెట్టి గిన్నె పట్టుకెళ్లిపోయింది. ఆ తర్వాత రాలేదు. ఏడాదికి వాళ్లాయనకి టెక్సస్‌లో ఉద్యోగం దొరికి ఇర్వింగ్ వెళ్లిపోయారు.

డాక్టర్ లిండ్ నాకు ఆ ఏడాది డిగ్రీ రానివ్వలేదు. ఆ పేరా తీసేసి, దాని బదులు నేనేం చేశానో రాసి, మొత్తం వ్యాసం తెలుగులో ప్రతి ఒక్కరింటికీ వెళ్లి చదివి వినిపించి, వాళ్లు వద్దన్నవి కొట్టేసి, అప్పుడు తనకివ్వమన్నారు. ఆరు నెలలు పట్టింది. తన వైపు నుంచి ఆవిడ, పరిశోధనలు పరిశీలించే కాలేజీ కమిటీకి, ఈ వ్యాసాన్ని అనుమతించడం నా పొరపాటు అని రాసిచ్చారు. అలా రాయమని ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. అప్పటినుంచి ఆవిడ విద్యార్థి ఎవరైనా సరే, రాసింది ముందు చెప్పినవాళ్లకి వినిపించాకే ఆవిడ బల్ల మీద పెట్టాలి. కొందరు పిల్లలు విసుక్కునేవాళ్లు. అప్పుడు ఆవిడ నన్ను పిలిచి వాళ్లకి నా కథ చెప్పమనేవారు. నేను చెప్పేదాన్ని, ప్రతిసారీ చెవులు ఎర్రబడేవి.

గ్రీన్ కార్డు వచ్చింది, ఉద్యోగం వచ్చింది, జీవితం పరుగులో పడింది. డాక్టర్ లిండ్ రిటైరయ్యాక క్రిస్మస్‌కి ఒక కార్డు పంపేదాన్ని. సునీత అక్కకి ఉగాదికి, క్రిస్మస్‌కి కూడా ఒక మెసేజ్, ఆమె నుంచి ఒక దండం బొమ్మ. వ్యాసం వినిపించడానికి వెళ్లినప్పుడు ఆమెకి ఒకసారి క్షమాపణ చెప్పాను కాబట్టి ఆ పని అయిపోయిందని అనుకున్నాను. కిందటి చలికాలంలో డాక్టర్ లిండ్ పోయారు. కాలేజీ చాపెల్‌లో జ్ఞాపకసభ పెట్టారు. నేను వెళ్లి కూర్చున్న కాసేపటికి పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు. చూస్తే సునీత అక్క. ఇర్వింగ్ నుంచి పొద్దున్న ఫ్లైట్‌లో వచ్చిందట. ఆవిడ నీకు అంతగా ఎలా తెలుసని అడిగితే, మెల్లిగా చెప్పింది. "ప్రతి ఏప్రిల్‌లో ఫోన్ చేసేది వసూ. ఒకటే అడిగేది, ఆ జరిగినదానివల్ల ఈ ఇయర్ మీకేమైనా ఇబ్బంది అయిందా అని. మొదట్లో కట్ చేసేదాన్ని. తర్వాత ఆ కాల్ కోసం వెయిట్ చేసేదాన్ని." పదకొండేళ్లు. ఆవిడ అడిగారు, నేను అడగలేదు. అందరూ లేచి పాట పాడుతుంటే సునీత అక్క ఇక్కడ అందరి ముందూ గొంతు విప్పి పాడింది. నేను పక్కన నిలబడి ఏడ్చాను.

ఆ రోజు తర్వాత నా పని తీరులో ఒక మార్పు వచ్చింది. ఎవరి వంటింట్లోనైనా ప్రశ్నలు ముగించి కాగితాలు మూసి లేచాక, వాళ్లు గుమ్మం దగ్గర ఏదో చెప్పడం మొదలుపెడితే, ఇది రాయను అని ముందే చెబుతాను. రాయాల్సిన మాట అనిపిస్తే మళ్లీ కూర్చుని, పెన్ను వాళ్లకి కనిపించేలా పట్టుకుని అడుగుతాను. ఒప్పుకోనివాళ్లే ఎక్కువ. ఆ మాటలు వాళ్ల గుమ్మంలోనే వదిలేసి వస్తాను. ఏప్రిల్‌లో ఇర్వింగ్‌కి ఫోన్ ఇప్పుడు నేను చేస్తున్నాను.

ఇదంతా రాశాక పోయిన ఆదివారం సునీత అక్కకి ఫోన్‌లో మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాను. చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టుంది, మధ్యలో గిన్నెల చప్పుడు వినిపిస్తూనే ఉంది. రెండుచోట్ల తీసేయమంది, తీసేశాను. అవి ఏమిటో చెప్పను. ఒక్కచోట మాత్రం ఆపించి మళ్లీ చదవమంది. చదివాను. "భయపడి దాచుకుందని రాశావు చూడు, అది తప్పు. నాకు భయమేంటి. విసుగు. వెళ్లిన ప్రతి ఊళ్లో మేం ఫలానా అని మొదటినుంచి చెప్పుకోవడం, వాళ్ల మొహాలు మారడం చూడ్డం, విసుగొచ్చేసింది" అంది. ఇన్నేళ్లలో నేను అడగని ప్రశ్నకి జవాబు అది. ఇప్పుడే దిద్దుతానన్నాను. వద్దు, అలాగే ఉండనీ, నన్ను అడక్కుండా నువ్వు రాసుకున్నావని చదివేవాళ్లకి కూడా తెలియాలిగా, ఇది మాత్రం కింద రాయి అని నవ్వింది. రాశాను.